పన్నెండు తెరలు, ఒక పేరు

తాళం తిప్పాక తలుపు తెరుచుకోవాలి, అంతకుమించి యంత్రాన్ని తను అడిగిందేముంది, అనుకుంటూ తాళాలక్క మళ్ళీ వెనక్కి తిరిగి హాలు వైపు చూసింది, పన్నెండు తెరలూ నల్లగానే ఉన్నాయి, ఒక్కో తెర నడిమధ్య చిన్న ఇంటూ గుర్తు, పరీక్ష కాగితం మీద మాస్టారు కొట్టినట్టు, వరసగా పన్నెండు తప్పులు, గోడ గడియారంలో ఏడూముప్పావు, పదింటికి ఆఫీసాయన వస్తాడు, ఈ పన్నెండు ఇంటూలు చూసి తన కాగితం మీద ఇంకో ఇంటూ కొట్టి పోతాడు, దాంతో ఈ చదువుల హాలు పాత ఫైళ్ళు పడేసుకునే గది అయిపోతుంది, ఎలకలకి తప్ప ఎవరికీ అక్కర్లేని కాగితాలు లోపల కూర్చుంటాయి, మనుషులు బయట నిలబడతారు, నిన్న సాయంత్రం దాకా శుభ్రంగా పనిచేశాయి ఇవి, బటన్ నొక్కితే చాలు, పేరడగకుండా నేరుగా లోపలికి తీసుకుపోయేవి, చెడగొట్టింది తనే, ఈ పది వేళ్ళతోనే, పొద్దున్న ఆరింటికి వచ్చి అలమరలో ఉన్న పెద్ద యంత్రం ముందు కూర్చుని గుమ్మం ఫైలు మార్చింది, గుమ్మం ఫైలన్నది తను పెట్టుకున్న పేరు, పుస్తకంలో దాన్ని డిస్‌ప్లే మేనేజర్ అన్నారు, మేనేజరన్న మాట వింటేనే ఆమెకి ఒళ్ళుమంట, బల్లల మీద ఉన్న పన్నెండు డబ్బాలకీ సొంత బుర్ర లేదు, అరచేతి మందం పెట్టెలు, వాటికున్నవి కళ్ళూ వేళ్ళూ మాత్రమే, బుర్రంతా అలమరలో ఉంది, ఎవరు లోపలికి రావచ్చు, ఏ పేరు మీద రావచ్చు, వచ్చేముందు తెర మీద ఏం కనబడాలి అన్నదంతా ఆ ఫైల్లో పాతిక లైన్లు, ఒక్కో లైనూ కాపలావాడికి ఇచ్చిన ఒక్కో హుకుం, ఆ కాపలావాడు ఇప్పుడు హుకుములన్నీ విసిరికొట్టి మొహం తిప్పుకుని కూర్చున్నాడు, ఎందుకు అలిగాడో చెప్పడు.

ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చి పదిరోజులు, గడచిన ఆరునెలలలో పన్నెండు కంప్యూటర్లను ఉపయోగించుకున్నవారి సంఖ్య ఒకటి, కావున హాలును ఇతర అవసరములకు మళ్ళించుటకు ప్రతిపాదన, ఇదీ అందులో ముక్క, చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది, చెప్పులు కుడీఎడమా చూసుకోకుండా తొడుక్కుని ఆఫీసుకి పోయి కిటికీ దగ్గర గుమాస్తాని నిలదీసింది, ఏవయ్యా, రోజూ మనుషులొచ్చి కుర్చీలు చాలక నిలబడుతుంటే ఒకటంటావా, ఆ ఒకటి పక్కన ఉండాల్సిన అంకెలు ఎవరు మింగారు, గుమాస్తా మెత్తటి మనిషి, గొంతు పెంచలేదు, ఒక కాగితం తిప్పి చూపించాడు, నేను రాసింది కాదక్కా, మీ యంత్రమే రాసి పంపింది, చూడండి, పన్నెండు తెరలు, నూట ఎనభై రోజులు, లోపలికొచ్చిన పేరు ప్రతి వరసలోనూ ఒకటే, మీది, నలభై మంది వస్తారంటున్నారు, వచ్చే ఉంటారు, కానీ మీరిక్కడ ఎంత అరిచినా అందులో పేరు పడదు కదా, ఎన్నో కిటికీల ముందు నిలబడి ఎందరి నోళ్ళో మూయించిన మనిషి, ఆ రోజు కాగితం రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చేసింది, కాగితం అబద్ధం చెప్పడం లేదు మరి, ఆరునెలల కిందట హాలు తెరిచిన కొత్తల్లో తెర మీద రెండు ఖాళీ గళ్ళు వచ్చేవి, పేరు, దానికింద పాస్‌వర్డ్, ఆ రెండు గళ్ళ ముందు జనం కొయ్యబారిపోయేవాళ్ళు, రొట్టెల కొట్టులో పనిచేసే వదిన కుర్చీలో కూర్చుని చూసి చూసి, నాకేం తెలీదు తల్లీ, నన్ను పరీక్షలు పెట్టొద్దు అని లేచి వెళ్ళిపోయింది, బడి మొహం చూడని మనుషుల్ని గుమ్మంలోనే ఆపే గళ్ళు ఎవడికి కావాలి, అని తాళాలక్క ఆ రాత్రికి రాత్రి పుస్తకం ముందేసుకుని ఒక లైను నేర్చుకుంది, బటన్ ఎవరు నొక్కినా ఏమీ అడగొద్దు, నా పేరు మీద లోపలికి పంపెయ్, అంతే, మర్నాడు పన్నెండు తెరలూ తెల్లారినట్టు వెలిగాయి, ఆమె కుర్చీ ఎక్కి ఉపన్యాసమే చెప్పింది, ఈ గుమ్మం ఎవర్నీ ఆపదు అని, అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మ కూడా కొట్టింది, ఎడమచేయి పూర్తిగా వంగదు కనక కుడిచేత్తో బల్ల మీద కొట్టింది.

సరే, తప్పు తెలిసింది, తెలిశాక ఏడుస్తూ కూర్చునే రకం కాదు, పదిరోజుల్లో నలభై ఒక్క మందికి నలభై ఒక్క ఖాతాలు తెరిచింది, తెర మీద ఖాళీ గళ్ళు కాకుండా పేర్ల జాబితా రావాలి, తెలుగక్షరాల్లో, పెద్దవిగా, ఎవరి పేరు వాళ్ళు వెతుక్కుని నొక్కితే పాస్‌వర్డ్ గడి ఒక్కటే వస్తుంది, అది ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి, ఒక్కొక్కర్నే పిలిచి కూర్చోబెట్టింది, లారీ నడిపి రిటైరైన మామ తన రహస్యాన్ని హాలంతా వినబడేలా పలుకుతూ కొట్టాడు, మామా, అది గుట్టుగా ఉండాలి అంటే, గుట్టుగా ఉంచితే రేపు మర్చిపోయినప్పుడు ఎవర్ని అడగమంటావమ్మా, ఇప్పుడైతే పదిమందికి తెలుసు, ఎవరో ఒకరు చెబుతారు అన్నాడు, నవ్వాపుకుని మళ్ళీ మార్పించింది, రొట్టెల వదిన మాత్రం నవ్వలేదు, కీబోర్డు మీద చేయి పెట్టకుండానే అడిగింది, ఇకమీదట నా ఉత్తరం ఎవడూ చదవడుగా, ఏ ఉత్తరమో తాళాలక్కకి తెలుసు, మూడునెలల కిందటి మాట అది, వదిన తన యజమానికి ఒక ఉత్తరం రాసుకుంది, ఇక నీ కొట్టులో పని చెయ్యను, నీ నోటి దురుసు పడలేను అని, పంపే ధైర్యం చాలక దాచుకుంది, అందరి కాగితాలూ ఒకే పేరు కింద ఒకే చోట పడి ఉండేవి కదా, ఎవరో తమ దరఖాస్తు అనుకుని అది తెరిచారు, తెరిచినవాళ్ళు చదివారు, చదివినవాళ్ళు చెప్పారు, సాయంత్రానికి యజమాని చెవిన పడింది, అప్పట్నుంచి రోజూ పొద్దున్నే, ఏం దొరసానీ, ఇవాళైనా మానేస్తున్నావా అని దెప్పుతాడు, వదిన వచ్చి మొర పెట్టుకుంటే తను ఏమంది, మనలో మనకి దాపరికాలేంటి వదినా అంది, ఎంత తేలిగ్గా అంది, వదిన వారం రోజులు హాలు గడప తొక్కలేదు, వచ్చాక కూడా ఏమీ రాయలేదు, బొమ్మలు చూసి పోయేది, ఆ సంగతి పదిరోజుల కిందటి దాకా తన బుర్రకి తట్టనే లేదు, ఎవడూ చదవడు వదినా, నీ ఉత్తరం నేను కూడా తెరవను అంది చివరికి, వదిన ఆమె మొహంలోకి చూసి, నువ్వు తెరవలేవా, తెరవవా అంది, తెరవను అని మళ్ళీ చెప్పాక తలూపి, పాస్‌వర్డ్ కొట్టుకుంది, అమ్మ ఒక్కతే తేల్చలేదు, ఆలోచించుకోవాలి, తొందరేంటి, మంగళవారం పెట్టుకుంటాలే అంది, మంగళవారం అంటే ఇవాళ, అమ్మ తొమ్మిదిన్నరకి వస్తుంది, ఇక్కడ చూస్తే తెరలు నల్లగా ఇంటూలు పెట్టుకుని కూర్చున్నాయి.

ఎనిమిదీపది, టీ చల్లారి మీగడ కట్టింది, ఫైలు మొదటి నుంచి చివరిదాకా వేలు పెట్టి చదివింది, పాత లైను ముందు కంచె గుర్తు పాతింది, కంచె అంటే అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన గుర్తు, అది ముందుంటే యంత్రం ఆ లైను వైపు కన్నెత్తి చూడదు, నా పేరు మీద పంపెయ్ అన్న లైనుకి కంచె పడింది, సరిగ్గానే పడింది, జాబితా చూపించు అన్న లైను ఉంది, డబ్బాలు తలుపు తడితే పలుకు అన్న లైనూ ఉంది, అక్షరం పొల్లుపోలేదు, నోటుబుక్కులో రాసుకున్నట్టే ఉంది, మరేం రోగం, కొత్త లైన్లన్నీ ఫైలు నెత్తిన పెట్టింది, కావాలనే పెట్టింది, ఇరవయ్యేళ్ళుగా అర్జీలు రాస్తున్న చెయ్యి, అసలు విషయం మొదటి వాక్యంలో చెప్పకపోతే ఆఫీసుల్లో రెండో వాక్యం ఎవడూ చదవడు, ముఖ్యమైంది ఎప్పుడూ పైనే, యంత్రమైనా ఆఫీసులోదేగా, పైన పెట్టకపోతే వింటుందా, పోనీ అన్నీ తీసేసి పాత ఫైలే పెట్టేస్తే, తెరలు వెలుగుతాయి, వెలిగి ఏం లాభం, మళ్ళీ ఒకటే పేరు, ఆఫీసాయన చూడాల్సింది వెలుతురు కాదు, ఫోను చేసి అడుగుదామంటే ఇవన్నీ బిగించిన కుర్రాడికి వేరే ఊళ్ళో పని దొరికింది, ఫోను మోగుతుంది, ఎత్తడు, అరచేతులు చెమట, అమ్మ చేతులకి చెమట పట్టేది కాదు, ఎప్పుడూ ఆవిరే, ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టే షెడ్డులో, బడి వదలగానే తను అక్కడికే పోయేది, గుమ్మం పక్కన మూటల మీద కూర్చునేది, ఒక్కో మూటకీ ఒక గుడ్డముక్క కట్టి ఉండేది, మీద ఎర్రదారంతో వార్డు పేరు, ఒకరోజు అమ్మ ఒక మూటని అటూఇటూ తిప్పి గుమ్మం దగ్గరే వదిలేసింది, లోపల శుభ్రంగా మడతపెట్టిన దుప్పట్లు, ఎందుకే వదిలేశావంటే, ముక్క లేదుగా, ఏ వార్డుదో తెలీని మూట ఎంత తెల్లగా ఉంటే మాత్రం ఎవరు తీసుకుంటారే అంది, ముక్క లేని మూట, ముక్క లేని, తాళాలక్క నోటుబుక్కు పేజీ గబుక్కున వెనక్కి తిప్పింది, వెనక పేజీ అడుగున, చివరి గీతలో, తన చేతివ్రాతే, పెద్ద బ్రాకెట్ల మధ్య ఒక పేరు, కింద రాసేవన్నీ ఈ విభాగానివి అని చెప్పే పేరు, ఆ పేజీ అయిపోయింది, తను తిప్పిన పేజీ నుంచే ఫైల్లోకి ఎక్కించింది, మూటలన్నీ ముక్కలు లేకుండా గుమ్మంలో పడేసింది, మొదటి మూట దగ్గరే కాపలావాడు ఇదేమిటో నాకు తెలీదు పొమ్మన్నాడు, మిగతా ఫైలు చదవనే లేదు, అలగడం కాదు, వాడి పని వాడు చేశాడు.

బ్రాకెట్ల పేరు ముందు కొట్టి, లైన్లని దాని కిందికి దించి, డబ్బాలు తలుపు తట్టే లైనుకి దాని బ్రాకెట్ల పేరు వేరే పెట్టి, మళ్ళీ మొదలుపెట్టు అని యంత్రానికి చెప్పి కళ్ళు మూసుకుంది, ఒక నిమిషం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు, తెరిచేసరికి ఒక తెర, దాని పక్క తెర, కిటికీ దగ్గర మూలన ఎప్పుడూ ఆలస్యంగా లేచే తొమ్మిదో తెర కూడా, అన్నింటిమీదా పేర్లు, ఒకదాని కింద ఒకటి, లారీ మామ, వదిన, చెప్పులు కుట్టే అన్నదమ్ములిద్దరూ, ఆసుపత్రి ఆయమ్మ, అందరి అసలు పేర్లూ, పిలుపులు కాదు, చాలామంది అసలు పేర్లు ఖాతాలు తెరిచేదాకా ఆమెకే తెలీవు, చూపుడువేలితో తెర మీద కిందికి దిగుతూ పోతే ముప్ఫైరెండోది అమ్మ పేరు, అక్కడ వేలు ఆగింది, ఈ పేరు ఇలా వరసలో చూడటం ఇదే మొదటిసారి, ఎందుకంటే ఆ షెడ్డు రిజిస్టర్లో ఇది లేదు, తనకి పదకొండేళ్ళప్పుడు ఆవిరి గొట్టం పగిలి అమ్మ ఎడమచేయి కాలింది, కట్టు కట్టించుకుని, తనని వెంటబెట్టుకుని ఆఫీసు కిటికీ దగ్గరికి పోయింది, లోపలాయన రిజిస్టరు తిరగేసి, ఈ పేరుతో ఇక్కడెవరూ పని చెయ్యడం లేదమ్మా అన్నాడు, తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా బాబూ అంటే రిజిస్టరు తిప్పి చూపించాడు, మేస్త్రీ పేరు, పక్కన పద్నాలుగు అని అంకె, ప్రతి రోజూ అంతే, మేస్త్రీ పేరు, పద్నాలుగు, అమ్మ అక్కడే నిలబడి, మూటలకి పేర్లు కుట్టారే, మాకు కుట్టలేదేం బాబూ అని అడిగింది, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని, ఆ ప్రశ్నే కదా తనని వీధుల్లోకి తోసింది, దాన్నే ఇరవయ్యేళ్ళు కిటికీ కిటికీకీ తిరిగి అరిచింది, మేస్త్రీని తిట్టని ఉపన్యాసం లేదు, ఆ మేస్త్రీ మాత్రం ఏమనుకుని ఉంటాడు, వీళ్ళకి సంతకాలు రావు, గేటు దగ్గర ఆలస్యమవుతుంది, నా పేరు మీద అందర్నీ లోపలికి పంపేస్తే పోలా అనుకుని ఉంటాడు, దుర్మార్గుడు కాకపోవచ్చు, మంచిపని చేస్తున్నాననే అనుకుని ఉంటాడు, వేలు తెర మీదే ఉండిపోయింది, నా పేరు మీద పంపెయ్, ఎవరి మాట అది, ఎవరు రాశారు ఆ లైను, అక్కడ పద్నాలుగు మంది, ఇక్కడ నలభై ఒకరు, మేస్త్రీ కంటే నువ్వే ఘనురాలివి కదే అని తనని తాను అనుకుంది, కుర్చీ ఎక్కి చప్పట్లు కొట్టించుకున్న మేస్త్రీవి, ఆ చప్పట్లలో కాలిన చెయ్యి ఉన్న మనిషి చప్పుడు కూడా ఉంది, కంచె పాతి వదిలేసిన ఆ పాత లైను దగ్గరికి మళ్ళీ వెళ్ళింది, కంచె తీసేస్తే ఎప్పుడైనా మళ్ళీ పనికొస్తుందని ఉంచింది, ఇప్పుడు దాన్ని పూర్తిగా తుడిచేసింది, ఒక్కో అక్షరం, వెనక నుంచి ముందుకి.

తొమ్మిదిన్నరకి జనం వచ్చారు, పదికి ఐదు నిమిషాలుందనగా ఆఫీసాయన వచ్చాడు, పొట్టిగా, సంచి భుజాన వేసుకుని, తను ఊహించినంత రాక్షసుడేం కాదు, నుదురు తుడుచుకుని ఫ్యాను కింద నిలబడ్డాడు, ఎవరి పేర్లు వాళ్ళు వెతుక్కోవడం మొదలైంది, లారీ మామ తన పేరు దాటి కిందికి పోయి, నేను లేనే అని కంగారుపడి, మళ్ళీ పైకి వచ్చి, ఇదిగో ఉన్నా అన్నాడు, మామా, నువ్వున్నావని మాకు వినబడుతూనే ఉంటుంది అని ఎవరో అన్నారు, వదిన ఎవర్నీ అడగకుండా పేరు నొక్కి, భుజం అడ్డం పెట్టి పాస్‌వర్డ్ కొట్టి, లోపలికి పోయి, అరక్షణంలో రాయడం మొదలుపెట్టింది, మూడునెలల తరవాత, ఏం రాస్తోందో తాళాలక్క చూడలేదు, ఆ వైపు నడవనే లేదు, ఆఫీసాయన్ని అలమర దగ్గరికి తీసుకుపోయి పెద్ద యంత్రంలో చూపించింది, ఇప్పుడు లోపల ఉన్నవాళ్ళు, పదకొండు వరసలు, పదకొండు వేరువేరు పేర్లు, ఆయన కళ్ళజోడు సర్దుకుని పెన్నుతో ఒక్కోటీ లెక్కపెట్టి, పన్నెండో తెర ఖాళీయేనా అన్నాడు, కాదు, అక్కడ అమ్మ కూర్చుని ఉంది, జాబితా మీద కుడిచేతి వేలు పెట్టి, ఒక్కో పేరూ పెదాలు కదిలిస్తూ చదువుకుంటూ దిగుతోంది, అరవై దాటాక ఈ హాల్లోనే కూడబలుక్కున్న చదువు, పదో పేరు, పన్నెండో పేరు, గడియారం చప్పుడు వినబడుతోంది, ముప్ఫైరెండోదమ్మా, కింద, ఇంకా కింద, అని నాలుక చివరిదాకా వచ్చింది, మింగింది, ఆఫీసాయన చేతి గడియారం చూసుకుని మర్యాదగానే అన్నాడు, పెద్దావిడ కదా, ఇబ్బంది పెట్టడం దేనికి, మీరే కొట్టెయ్యండి, నాకు ఇంకో రెండుచోట్లకి పోవాలి, తాళాలక్క చెయ్యి తనంతట తానే ముందుకి పోయింది, ఆరునెలల అలవాటు, రెండడుగులు వేసి మౌసు మీదికి వంగింది కూడా, అప్పుడే అమ్మ వేలు ఆగింది, తలెత్తకుండా, ఇదిగో, ఇక్కడున్నా అంది, నొక్కింది, గడి వచ్చింది, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది, అమ్మ రెండు చేతులూ కీబోర్డు మీదికి తెచ్చి, వంగని ఎడమచేతిని కూడా తెచ్చి, కూతురి వైపు చూసి, అటు తిరుగు అంది.

ఏంటమ్మా, అంది తాళాలక్క, ఏంటేంటి, అటు తిరగవే, నేను కొట్టుకోవాలి, నువ్వేగా చెప్పావు ఎవరూ చూడకూడదని, నీకు మటుకు మినహాయింపు ఉందా, మీరు కూడా బాబూ, అటు, గోడ వైపు, ఆఫీసాయన ఒక్క క్షణం తెల్లబోయి, తరవాత బుద్ధిగా సంచి సర్దుకుని గోడ వైపు తిరిగాడు, ఇద్దరూ పక్కపక్కనే, సున్నం పెచ్చులూడిన గోడకి మొహాలు పెట్టి, బడిలో తప్పుచేసిన పిల్లల్లా, వెనక ఎవరో కిసుక్కుమన్నారు, మీట చప్పుడు ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి, వెతుక్కుంటోంది, ఆఫీసాయన గోడతోనే చెబుతున్నట్టు మెల్లిగా అన్నాడు, ఆ ఒకటి అన్నది కొట్టేస్తానండీ, నలభై ఒకటని ఇవాళే రాయలేను, ఎంతమంది వస్తే అంత, ఇంకో ఆరునెలలు చూస్తాం, ఫైళ్ళకి వేరే గది చూసుకోమని రాస్తాను, తాళాలక్క తలూపింది, ఇంకో సమయమైతే ఆరునెలలేంటయ్యా అని పోట్లాడేది, ఇప్పుడు చెవులు వెనక్కే ఉన్నాయి, నాలుగు, ఐదు, తొమ్మిది మీటలు, ఆగింది, రెండోసారి కొట్టమని యంత్రం అడిగి ఉంటుంది, మళ్ళీ ఒకటి, రెండు, ఈసారి కొంచెం వేగంగా, అమ్మ దాచుకున్న ఆ తొమ్మిదీ ఏమై ఉంటాయి, తన పేరా, చచ్చిపోయిన నాన్న పేరా, ఏదో ఊరా, పాటా, తిట్టా, తనకి తెలీదు, ముప్ఫైతొమ్మిదేళ్ళలో అమ్మ దగ్గర తనకి తెలీని తొమ్మిదక్షరాలు ఉంటాయని ఎప్పుడూ అనుకోలేదు, తెలుసుకోవాలని చేతులు లాగుతున్నాయి, వెనక్కి కట్టుకుంది, తాళాల గుత్తి వేళ్ళ మధ్య చల్లగా తగిలింది, ఇన్నాళ్ళూ తెరవడమే తన పని అనుకుంది, ముందు నిలబడటం, ముందు అరవడం, తెరిచి అందర్నీ తన వెనక లోపలికి లాక్కుపోవడం, మేస్త్రీ కూడా అంతేగా చేశాడు, వాడు చెయ్యనిది ఒక్కటే, ఎప్పుడూ అటు తిరిగి నిలబడలేదు, ఎనిమిది, తొమ్మిది, పెద్ద మీట దబ్‌మని చప్పుడైంది, అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది, ఇప్పుడు తిరగొచ్చులే అంది, తాళాలక్క వెంటనే తిరగలేదు, తెర మారి ఉంటుందని తెలుసు, పెద్ద యంత్రంలో పన్నెండో వరస పడి ఉంటుందని తెలుసు, అమ్మ తన పేరు వెతుక్కుని, తన మాట తనే కొట్టుకుని, తనంతట తను లోపలికి వెళ్ళింది, తను చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేదు.